తాయమ్మ నవ్విన ఫొటో

ఫోన్‌లో బొటనవేలంత ఫొటో తెచ్చి గోడంత చేయమనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏర్పేడు బస్టాండు పక్కన నాన్న పెట్టిన స్టూడియోను ఇన్నేళ్లుగా నడుపుతున్నాను. అన్నీ నేర్చుకున్నాను గానీ ఈ ఒక్క విషయంలో నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చుకోలేదు. ఫొటో అంటే చుక్కలే కదా. ఉన్న చుక్కలు కాసిని. వాటిని పట్టి లాగితే ఒక్కో చుక్క ఒక్కో పలక అయి కూర్చుంటుంది, ముక్కేదో మూతేదో తెలియదు. "గరిటెడు పిండి తెచ్చి ఊరందరికీ దోసెలు పొయ్యమంటే యాడ పోసేది?" అని మొహానే అడిగేస్తాను. అయినా వస్తూనే ఉంటారు.

జయరావన్న అలా వచ్చే మనిషి కాదు. ఆయన చర్చిలో సంఘ పెద్ద. చుట్టుపక్కల ఎక్కడ సువార్త సభ జరిగినా ఫ్లెక్సు నా దగ్గరే వేయిస్తాడు. ఆ ఫ్లెక్సులో ఆయన మొహం ఉండి తీరాలి. "కుముదమ్మా, మీసం కొంచెం నలుపు చెయ్. రంగు రొంత పెంచు" అంటూ నా కుర్చీ వెనకే నిలబడతాడు. ప్రసంగానికి మద్రాసు నుంచి వచ్చే పాస్టరు గారి బొమ్మ కంటే తన బొమ్మ పెద్దదిగా ఉన్నా ఆయనకేమీ ఇబ్బందిగా అనిపించదు. నాకు అనిపించేది. బేరం పోతుందని నోరు మూసుకుని వేసిచ్చేదాన్ని.

అలాంటి మనిషి ఆ రోజు కూతురు కృపారాణి వెనకాల నక్కినట్టు లోపలికొచ్చాడు. ఆయన భార్య తాయమ్మ చనిపోయి ఏడాది కావస్తోంది. ఆదివారం ఇంట్లో జ్ఞాపకార్థ కూటం పెట్టుకున్నారు.

"మీ వదినె, నేను పక్కపక్కన ఉండే ఫొటో ఒకటి కావల్ల కుముదమ్మా. హాల్లో గోడకు. పెద్దది" అన్నాడు.

"ఇద్దురూ కలిసి దిగింది ఇయ్యన్నా, చేస్తాను."

"దిగలేదు గదా. మా పెండ్లికి ఫొటో తీసేవాళ్లే లేరు."

కృపారాణి తన ఫోన్ నా ముందు పెట్టింది. వాట్సాప్‌లో కత్తిరించిన చిన్న బొమ్మ. అందులో తాయమ్మ వేరుశనగ కాయలు ఒలుస్తూ, ఎవరో ఏదో అంటే తలెత్తి నవ్వుతోంది. పైపన్ను ఒకటి పక్కదాని మీదికి ఎక్కి ఉంది.

"అసలు ఫొటో యాడుండాది?" అని అడిగాను.

"ఆ ఫోన్ నీళ్లలో పడిపొయ్యిందక్కా. మా పిన్నికి పంపి ఉంటే ఆమె కత్తిరించి డీపీ పెట్టుకునింది. ఇంతే మిగిలుండాది."

"వేరే ఫొటోనే లేదా? నీ పెండ్లి ఆల్బంలో?"

"దాంట్లో ఏడస్తా ఉండాది. ఆధార్ కార్డులో పోలీసోళ్లు పట్టుకోని పోతా ఉన్నట్టు బెదిరిపోయి ఉండాది. మా ఫోన్లలో ఉండేవన్నీ నాయన ఫొటోలే. తీసింది అమ్మ."

జయరావన్న తల దించుకున్నాడు. నోటిదాకా వచ్చిన తిట్టును మింగేశాను.

ఈ మధ్య కొత్త సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. చిన్న ఫొటో ఇస్తే లేని చుక్కల్ని ఊహించి నింపి పెద్దది చేసిపెడతాయి. తాయమ్మ ఫొటోను అందులో వేశాను. తెర మీద తేలిన మొహాన్ని చూసి జయరావన్న, "అబ్బా, ఏం క్లియర్‌గా ఉండాది మ్మా!" అన్నాడు. నిజమే, కనురెప్పల వెంట్రుకలు సైతం కనబడుతున్నాయి. బుగ్గల మీద మంగు మచ్చలు పోయాయి. పళ్లు టూత్‌పేస్టు ప్రకటనలో మాదిరి వరసగా మెరుస్తున్నాయి.

"అమ్మ ఇట్ల నవ్వదు నాయనా" అంది కృపారాణి.

"నువ్వూరుకో మే. బాగుండాది గదా."

"బాగుండాది. అమ్మ కాదు." అంటూనే ఆ పిల్ల ఏడ్చేసింది.

ఆయన కసురుకోబోయి ఆగాడు. ఫోన్ తీసుకుని చిన్న బొమ్మను చూశాడు. తెర చూశాడు. మళ్లీ ఫోన్ చూశాడు.

"ఆ పన్ను యాడికి పోయింది కుముదమ్మా?"

"కంప్యూటరుకు వదినె సంగతి ఏం తెలుసన్నా? లక్ష మంది మొహాలు చూసుంటాది. వాళ్ల పళ్లు తెచ్చి పెట్టింది."

"అయితే తీసెయ్. ఊళ్లోవాళ్ల పళ్లు మాకెందుకు?"

తీసేశాను. ఇక మిగిలింది పాత పద్ధతి. కొత్తగా ఏమీ కల్పించకుండా, ఉన్న చుక్కల అంచుల్నే మెత్తగా కలుపుతూ పెంచాలి. మనిషి ఆవిరి వెనక కూర్చున్నట్టు మసగ్గా వస్తుంది. వచ్చింది. కానీ పన్ను ఉంది, మచ్చలు ఉన్నాయి. కృపారాణి కళ్లు తుడుచుకుని, "ఆ, ఇదీ అమ్మ" అంది.

పక్కన జయరావన్న ఫొటో పెట్టాను. మంచి కెమెరాతో, కోటు తొడిగించి నేను తీసిందే. మీసంలో ప్రతి వెంట్రుకా తెలుస్తోంది. రెండూ కలిపి చూస్తే నాకే మనసొప్పలేదు. ఆయన ఇప్పుడే వచ్చి కూర్చున్నట్టున్నాడు. ఆమె లేచి వెళ్లిపోతున్నట్టుంది.

దీనికి మా వృత్తిలో ఒక ఉపాయం ఉంది. అదే చెప్పాను. "వదినెను చిన్నది చేస్తే తేటగా కనపడతాదన్నా. నిన్ను పెద్దగా పెట్టి, పైన మూలలో ఆమెను గుండ్రంగా పెడదాం. అందురూ అట్లనే చేయించుకుంటారు."

ఆయన నా భుజం మీదుగా తెర మీదికి వంగాడు.

"ఇంకా చిన్నగానా?" అన్నాడు. "నా పక్కన ఆమె యానాడన్నా పెద్దగా ఉండిందా మ్మా? నేను స్టేజి మీద. ఆమె కింద జనాల్లో ఫోన్ ఎత్తి పట్టుకోని నిలబడుంటాది. ఒక్కనాడన్నా నువ్వూ రా తాయీ, పక్కన నిలబడు అన్లేదు." తెర మీద తన మొహాన్ని వేలితో చూపిస్తూ, "నన్ను తగ్గించు" అన్నాడు.

"సైజా?"

"సైజు కాదు. ఆమె ఎంత మసగ్గా ఉంటే నన్నూ అంత మసగ్గా చెయ్. ఆమె ఒక్కతే అట్లుంటే పోయినట్టుంటాది. ఇద్దరమూ అట్లుంటే ఒకసోట కూర్చోనున్నట్టుంటాది."

ఫొటో బాగు చేయమని వచ్చినవాళ్లే గానీ చెడగొట్టమని వచ్చినవాళ్లను నేను చూడలేదు. ఆయన ఫొటోను బొటనవేలంతకు కుదించి మళ్లీ పెంచాను. మీసం చెదిరింది. కోటు బొత్తాలు కరిగిపోయాయి. ఎప్పటిలాగే నా కుర్చీ వెనక నిలబడి చూస్తూ, "ఇంకొంచెం" అన్నాడు. ఆ మాటకు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన మీద ఇన్నాళ్లూ ఉన్న చిరాకంతా ఎటు పోయిందో పోయింది. మెరుపు లేని కాగితం మీద వేయమని చెప్పి తిరుపతి ల్యాబుకు పంపాను.

ఆదివారం కూటానికి నేనూ వెళ్లాను. ప్రార్థన ముగిశాక అందరూ ఫొటో చుట్టూ మూగారు. గూడూరు నుంచి వచ్చిన బంధువు సుకుమార్ ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూసి నా వైపు తిరిగాడు. "ఏం మ్మా, ఇంత కంప్యూటర్లు పెట్టుకోని పెద్దాయన మొహం ఇట్ల నాశనం చేసినావే!"

నాకు సర్రున కోపం వచ్చింది. నేను నోరు తెరిచేలోపే జయరావన్న అతని భుజం పట్టుకున్నాడు.

"అంత దగ్గరికి పోవద్దప్పా. ఇట్ల వాకిలికాడికి రా. ఆ, ఈడ నిలబడి సూడు."

నేనూ వెళ్లి చూశాను. అంత దూరం నుంచి చూస్తే మసక తెలియడం లేదు. తాయమ్మ నవ్వుతోంది, ఎక్కిన పన్నుతో సహా. పక్కన ఆయన కూడా ఆమె ఎంతో అంతే ఉన్నాడు.

"అవునబ్బా" అన్నాడు సుకుమార్ మెల్లగా. "వదినే."

అది విని ఒక్కొక్కరే వాకిలి దగ్గరికి రాసాగారు. చూసినవాళ్లు జరిగితే వెనకవాళ్లు ముందుకొస్తున్నారు. చూస్తుండగానే వరండా నిండిపోయి, లైను మెట్ల దాకా వచ్చింది. జయరావన్న అందరికీ దారిచ్చి కిందికి దిగాడు. తాయమ్మను చూడటానికి తన వంతు వచ్చేదాకా ఆ జనంలోనే నిలబడ్డాడు.