శాంతా లీరియాకు రేవు

దుబాయ్ పక్క ఎడారిలోని సజ్జాలో సజ్జలు పండవు గానీ ఊళ్ళు పండుతాయి. అక్కడి వర్క్‌షాపులో నెల్లూరు వడ్రంగి బుడేన్ సాహెబ్ రెండు నెలలుగా ఒక ఊరిని పెంచుతున్నాడు. మధ్య అమెరికాలో ఏదో దేశంలో ఉందట, పేరు శాంతా లీరియా. 2021 దుబాయ్ ఎగ్జిబిషన్లో ఆ దేశం వాళ్ళు పెట్టుకునే బల్లంత బొమ్మ ఊరు.

నీళ్ళు ఊరినట్టు ఊరు ఊరింది. మొదట ఏటి వంపులో, దుంగపడవలు ఆగే చోట నాలుగు పాకలు. తర్వాత చర్చి, చర్చి నీడన సంత. అరటి గెలల కోసం ఆవిరి పడవలొచ్చాయి, గెలల వెనకే రైలొచ్చింది. ఒక వరదకు సగం వీధులు కొట్టుకుపోయి, మిట్ట మీద కొత్త వీధులు లేచాయి. నూటయాభై ఏళ్ళు టీ చల్లారేలోపు గడిచిపోయేవి. మధ్యాహ్నం రంపపు పొట్టు ఎండలో తేలుతుంటే, బుడేన్ సాహెబ్ వేలెడు మనిషై ఆ వీధుల్లో తిరిగేవాడు. ఎవరో గుమ్మంలోంచి పలకరించేవారు. భాష రాకపోయినా బదులిచ్చేవాడు.

ఒకనాడు అలాగే ఏటిదాకా నడిచి ఆగిపోయాడు. దిగడానికి మెట్లు లేవు. కళ్ళు తెరిచి, టేకు ముక్కలతో పదకొండు మెట్లు చెక్కి అతికించాడు.

సూపర్‌వైజర్ భార్గవ్ డ్రాయింగ్ చూశాడు, మెట్లు చూశాడు, తల పట్టుకున్నాడు. ఆ ఊళ్ళో పుట్టిన ఆఫీసరమ్మ పొద్దున్నే వస్తోందని, ఆమె సంతకం పెట్టకపోతే కంపెనీ ముదీర్, అదే మేనేజరు, బుడేన్ వీసా పొడిగించడని చెప్పాడు.

"తీసెయ్ చాచా, ఖలాస్."

"రేవు లేని ఏటి ఊరు యాడైనా ఉంటాదా సార్? ఆడోళ్ళు గుడ్డలు యాడ ఉతకాల?"

"రేవు రేవంటే రేపు ఫ్లైటెక్కుతవ్."

బుడేన్ మెట్ల కింద ఉలి పెట్టాడు గానీ చేయి రాలేదు.

తెల్లారి ఆమె వచ్చింది, అరవై దాటిన మనిషి. చర్చి దగ్గర నవ్వింది, రైలు దగ్గర తలాడించింది, మెట్ల దగ్గర ఆగింది. ఇదేమిటని భార్గవ్‌ను అడిగింది. బుడేనే ముందుకొచ్చి, గుడ్డల్లేకుండానే గుడ్డలు ఉతికి చూపించాడు.

ఆమె చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడింది, భార్గవ్ తెలుగు చేశాడు. వాళ్ళమ్మ ఆ వంపులోనే ఉతికేదట. మెట్లు రెండుసార్లు కట్టారట, రెండుసార్లూ ఏరు పట్టుకుపోయిందట. పేరుకు శాంతే, ఏరుకు శాంతం లేదు. కదలనివి బండలే, ఉతుకుడంతా వాటి మీదేనట.

"మెట్లు తీసి బండలు పెడితే సంతకం పెడ్తదంట చాచా."

"ఎన్ని బండలంట?"

ఆమె మూడు వేళ్ళు చూపి, ఆలోచించి, నాలుగోది కూడా లేపింది.

బుడేన్ మెట్లు ఊడదీశాడు. బయట రోడ్డు పక్క కంకరలో కూర్చుని ఏటి కోసం రాళ్ళు ఏరసాగాడు. ఆమె కూడా వచ్చి పక్కన కూర్చుంది. అతనిచ్చిన మొదటి రాయిని అరచేతిలో తిప్పి, మా అమ్మది ఇది కాదన్నట్టు పారేసింది. రెండోదీ అంతే. మూడోదాన్ని గుప్పిట్లో మూసుకుని, బొమ్మదాకా తనే నడిచి వంపులో పెట్టింది. భార్గవ్ కాగితం, పెన్ను పట్టుకుని వెనక నిలబడితే, ఆగమని చెయ్యి చూపి, జిగురు ఆరేదాకా ఆ రాయిని వేలితో అదిమి పట్టుకుంది.