మాట అందించే అర

హిందీ ప్రాంతంలో, ఉస్లాపూర్ స్టేషన్‌కి దగ్గరలోని ఇంట్లో ప్రసూన పొద్దున్నే టీ గ్లాసుతో కంప్యూటర్ ముందు కూర్చునేది. పాత నాటకశాలల నిర్మాణం గురించిన ఇంగ్లీషు పుస్తకాన్ని ఫ్రెంచిలోకి మార్చడం ఆమె పని. వేదిక పక్కల్నీ, తెరల్నీ, తాళ్లనీ ఫ్రెంచి నాటకాలవాళ్లు ఏమంటారో వెతికేది. సరైన మాట దొరికితే నాటకశాలలోని ఆ భాగం నిజంగానే ఇంట్లోకి వచ్చేసేది.

తెరలు పైకి లాగి దాచే చోటుకి మాట దొరికిన రోజు హాలు కప్పు రెండంతస్తుల ఎత్తు లేచింది. తల్లి అసిరమ్మ తలెత్తి చూసి, "వానాకాలం బట్టలారేసుకోడానికి పనికొస్తాది" అంది. తాళ్లకి దుప్పట్లు కట్టి పైకి లాగేసింది. అన్నిటికన్నా పైనుండే చవక సీట్లని ఫ్రెంచివాళ్లు స్వర్గమంటారు. అది డాబా మీద వెలిశాక పక్కింటివాళ్లు సాయంత్రాలు అక్కడికెక్కి కట్నీ వైపు వెళ్లే రైళ్లు చూసేవారు.

ప్రసూన దిగులంతా తండ్రి గురించే. తిరుమలరావు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. పక్షవాతం వచ్చి తగ్గాక కాళ్లూ చేతులూ కుదుటపడ్డాయి గానీ మాట సగంలో ఆగిపోయేది. "నాకు..." అని, మిగతాది దొరక్క కళ్లు దించుకునేవాడు. రానురాను నోరు విప్పడమే మానేశాడు.

ఆ వారం ప్రసూన ప్రాంప్టర్ అనే మాట దగ్గర ఆగింది. ప్రాంప్టరంటే వేదిక అంచున, కింద కూర్చుని నటులకి మాట అందించేవాడు. ఫ్రెంచిలో అతను సుఫ్లర్, అంటే ఊపిరి ఊదేవాడు. అతను కూర్చునే అర పేరు రాసి సేవ్ చేసేసరికి తండ్రి కుర్చీ ముందు గచ్చు తెరుచుకుంది. లోపల చిన్న పీట ఉంది.

అసిరమ్మ చిక్కుడుకాయల పళ్లెంతో అందులోకి దిగింది.

"అరే అమ్మా, అక్కడెందుకు?"

"ఆయనకేటి కావాలో నాకు తెల్దేటి? సల్లగా కూడా ఉంది."

తిరుమలరావు "నాకు..." అని ఆగాడు.

"టీ కావాల," కిందనుంచి గుసగుసగా అందించింది అసిరమ్మ.

"నాకు టీ కావాల," అన్నాడాయన. తన గొంతు తనే విని, అదే మాట మళ్లీ అన్నాడు.

అప్పట్నుంచి రోజూ ఆమె అందించేది, ఆయన పలికేవాడు. "అచ్ఛా, బాబూజీ ఠీక్ హో గయే" అని, అయ్యగారికి నయమైపోయిందని పాలవాడు మురిసిపోయాడు. ఒక్కోసారి ఆయన మనసులో ఉన్నదొకటీ, ఆమె అందించేదొకటీ అయ్యేది. అయినా ఆయన అదే పలికి సర్దుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నీల్లు కావాల," అంది అసిరమ్మ.

ఆయన తల అడ్డంగా ఊపాడు. చాలాసేపు వెతుక్కున్నాడు. ప్రసూన టైపు చెయ్యడం ఆపింది.

"నీల్లొద్దు," అన్నాడు. "నువ్వు... పైకొచ్చి నా పక్కన కూకో."

అసిరమ్మ పీట మీంచి లేచింది. కుచ్చిళ్లు ఎత్తిపట్టి, ఆయన చాచిన చెయ్యి ఆసరాతో పైకొచ్చింది.