అత్తయ్య వీపు

"పౌడరన్నా రాయలేదా అమ్మకి?" అన్నాడు దేవరాజ్, డాక్టరు గదిలోంచి వస్తూనే. నందిగామ ఆసుపత్రి వరండాలో టిఫిను డబ్బా తుడుస్తున్న సూసన్‌కి మొగుడి మాటతోనే సంగతి అర్థమైంది. అత్తగారు జయమణికి నడుం కింద, వెన్నెముక చివర తోలు లేచిపోయింది. ఆ పుండు ఎముకదాకా దిగితే చీము ఒళ్ళంతా పాకుతుందనీ, ఇక మనిషిని ఇంటికి తీసుకెళ్ళే మాట మర్చిపోవాలనీ డాక్టరు చెప్పాడట. చెప్పింది కొడుక్కి. తప్పు మాత్రం కోడలిదైంది.

పక్షవాతం వచ్చి, గొంతులో గొట్టంతో ఐసియులో పడివున్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకి ఒత్తిగిలబెట్టాలి. జయమణి భారీ మనిషి. లోపల సిస్టర్ క్రిస్టీ ఒక్కతే. పట్టుకోవడానికి ఒకరు రండని ఆవిడ తలుపు తీసి పిలవడం ఆలస్యం, బెంచీ మీద కొడుకులిద్దరూ సూసన్ వైపు చూసేవాళ్ళు. కన్నతల్లి ఒంటిమీద బట్ట తొలిగితే మగపిల్లలు చూడకూడదట! చూస్తే శాపమని చిన్నవాడు బెన్ని సండేస్కూల్లో నేర్చుకున్నది అప్పజెప్పాడు కూడా. ఏం చోద్యమో, ఆ శాపం కోడళ్ళకి తగలదు కాబోలు. తను పాఠాలు చెప్పే చిల్లకల్లు బడిలో సెలవులన్నీ అయిపోయి, హెడ్మాస్టరు ఫోను మీద ఫోను చేస్తున్నా సూసన్ లేచి వెళ్ళేది. నడుం పట్టేసి మెట్లు దిగలేకపోతున్నా వెళ్ళేది. పోనీ ఆ తిప్పిందైనా ఉండనిచ్చారా? జగ్గయ్యపేట నుంచి చర్చి సంఘంవాళ్ళు ప్రార్థనకి వచ్చినప్పుడల్లా, వచ్చినవాళ్ళకి అమ్మ వీపు పెడితే ఏం బాగుంటుంది, వెల్లకిలా పడుకోబెట్టమని దేవరాజే గుమ్మంలోంచి చెప్పేవాడు. వాళ్ళు పాటలు పాడి, పళ్ళు పెట్టి వెళ్ళేదాకా ఆ బరువంతా ఆ పుండు మీదే. వద్దండీ అని ఒక్కసారైనా గట్టిగా అనలేకపోయినందుకు సూసన్‌కి తన మీదే ఒళ్ళు మండింది.

మళ్ళీ ఐసియు తలుపు తెరుచుకుంది. సూసన్ లేచి లోపలికి వెళ్ళింది గానీ, తిప్పడానికి చెయ్యి వెయ్యలేదు. అత్తగారి మొహం మీదకి వంగింది. మాట లేదు గానీ జయమణికి అన్నీ తెలుస్తున్నాయి, అవునంటే కళ్ళు మూసి తెరుస్తుంది.

"అత్తయ్యా, నా నడుం లేవట్లేదు. దేవరాజ్‌గారు పట్టుకుంటారు. మీకు సరేనా?"

జయమణి కోడలి వైపు చాలాసేపు చూసింది. కొడుకుల చేత ఏనాడూ ఎంగిలి కంచం కూడా తీయించని మనిషి. వద్దంటే మళ్ళీ తనే, ఇంక జీవితాంతం తనే. జయమణి మెల్లగా కళ్ళు మూసి తెరిచింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకో అనుకుంటూ సూసన్ బయటికొచ్చి, చేతి తొడుగులు మొగుడి చేతిలో పెట్టింది. అతను బెంచీకి అతుక్కుపోయాడు. అమ్మ సిగ్గుపడి చచ్చిపోతుందన్నాడు. అడిగే వచ్చానంది సూసన్. అందరూ చూస్తున్నారని లేచాడు.

క్రిస్టీ చెప్పినట్టు భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి వేసి తల్లిని పక్కకి తిప్పాడు. దుప్పటి తొలిగింది. దేవరాజ్ చప్పున మొహం తిప్పేసుకున్నాడు. చేతులు వదిలెయ్యబోతున్నాడు.

"వదలకండి. మీరు పుట్టిన ఒళ్ళేనండి అది," అంది సూసన్, గుమ్మంలోంచే.

అతను చూశాడు. అరచేయంత మేర తోలు లేదు, ఎర్రగా, తడిగా ఉంది. క్రిస్టీ శుభ్రం చేస్తున్నంతసేపూ జయమణి వీపు వణికింది. దేవరాజ్ తలెత్తకుండానే, నువ్వొచ్చి పట్టుకో అన్నాడు, చేతులు లాగేస్తున్నాయట.

"లాగుతాయి," అంది సూసన్. "రేపట్నుంచి నేను బడికెళ్తున్నా. పొద్దున్న మీరు, మధ్యాహ్నం బెన్ని. ఎవరైనా చూడ్డానికొస్తే, వీపే చూపించండి."