దిబ్బ ఎక్కిన జనం

కట్టకు గండి కొట్టింది సముద్రం కాదు. ఉప్పు మడుల మేనేజరు పంపిన నలుగురు మనుషులు, రెండు గడ్డపారలు.

వదిన కళ్ళారా చూసింది. తుఫాను తీరం తాకిన ఆ మధ్యాహ్నం ఉప్పు మడులన్నీ మునిగిపోయి, నీళ్ళు దిబ్బ మీదికి ఎగబాకుతున్నాయి. దిబ్బ మీద ఆ ఏడాది పండిన ఉప్పంతా రాశులు పోసి టార్పాలిన్లు కప్పి ఉంది. దిబ్బకు ఇవతల పల్లంలో కూలీల లైను ఇళ్ళు. ఇళ్ళకూ నీళ్ళకూ మధ్య ఆ కట్ట ఒక్కటే. దిబ్బ నిలవాలంటే నీళ్ళకి ఇంకో దారి చూపించాలి. వాళ్ళు లైను ఇళ్ళ దారి చూపించారు.

"ఒరే, లోపల మనుషులున్నార్రా!" అని అరిచింది వదిన. ఆ గాలిలో తన అరుపు తన చెవికే ఆనలేదు. గడ్డపార పట్టుకున్నవాడొకడు తలెత్తి ఆమెను చూశాడు. మళ్ళీ తల దించుకుని పొడిచాడు.

ఆమె వెనక్కి పరుగెత్తి ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ గుమ్మం దాటారు. గుమ్మం దగ్గర మోకాలి లోతున్న నీళ్ళు వీధి చివరికి వచ్చేసరికి మెడ దాకా వచ్చాయి. అక్కడ చెయ్యి జారిపోయింది. మూడో రోజున అవతలి మడుల ముళ్ళకంచెకి చిక్కుకుని ఆడపడుచు శవం దొరికింది. లైనులో ఆరుగురు పోయారు. దిబ్బ మీద ఉప్పు ఒక్క రాశి కూడా తడవలేదు.

ఆమెను వదినా అని పిలిచే హక్కు నిజానికి ఆ ఒక్క పిల్లకే ఉండేది. మడిలో ఇద్దరూ జంటగా తట్టలు మోసేవారు. ఆ పిల్ల రోజంతా "వదినా, వదినా" అని కేకలు పెడుతుంటే విని విని లైను లైనంతా అలాగే పిలవడం మొదలుపెట్టింది. హక్కున్న మనిషి పోయింది, పిలుపు మిగిలింది.

వదిన ఏడవలేదు. ఏడుపు అణుచుకుందని కాదు, రాలేదు. నాలుగో రోజునే మడిలోకి దిగింది. పగిలిన మడమల్లోకి ఉప్పునీళ్ళు దిగితే ఎవరైనా ఒక్కసారి గాలి పీలుస్తారు. ఆమె పీల్చలేదు. ఓ పొద్దున పొయ్యి మీది గిన్నెను ఒట్టి చేత్తో దింపుతుంటే పక్కింటామె చూసి లాగేసింది. అరచెయ్యి బొబ్బలెక్కిన సంగతి ఆమె అప్పుడు చూసుకుంది.

కేసు పెడదామని లైను జనం పోలీసు స్టేషనుకి వెళ్ళారు. ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "గాలివాన మీద కేసు రాసుకోమంటారా?"

"గాలి చేతిలో గడ్డపార ఉండదు కదండీ" అన్నాడు కట్ట తాత. మడుల కట్టలు వేసి, మరమ్మతులు చేసి వీపు వంగిపోయిన ముసలాయన. బయటికి నడవమన్నారు.

రెండు నెలలకి ఓ వ్యాను వచ్చింది. వాతావరణం పాడై నష్టపోయిన పేదలకి న్యాయం చేయడానికి నిధులిచ్చే ఫౌండేషను వాళ్ళట. ఉప్పు జల్లించే షెడ్డుకి బ్యానరు కట్టారు: "వాతావరణ న్యాయం. సముదాయమే సారథి." వాళ్ళలో చంకలో ఫైలుతో తిరిగే ఓ అమ్మాయికి సాయంత్రానికల్లా ఫైలమ్మ అని పేరు పడిపోయింది. మంచి పిల్లే. ఎవరింట్లో ఏమిచ్చినా నేల మీద కూర్చుని తినేది. ముసలివాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ కాళ్ళ పగుళ్ళు చూసేది.

"అక్కా, మీకు జరిగింది మీ నోటితో చెప్పండి" అంది వదినతో. కెమెరా పట్టుకున్నవాడు వదినను కూలిన గోడ పక్కకు జరిపాడు. ఆమె చెప్పింది. గండి, గడ్డపారలు, చెయ్యి జారడం.

"మధ్యలో ఆగినా ఫర్వాలేదక్కా. ఏడుపొస్తే ఆపుకోకండి."

"రాదమ్మా."

"ఏంటక్కా?"

"ఏడుపు. రావట్లేదు."

మొత్తం అయిదు సార్లు చెప్పించారు. వచ్చిన ప్రతి పెద్దమనిషికీ మొదటి నుంచీ చెప్పాలి. చెప్పేకొద్దీ ఆ కథ ఎవరిదో అయిపోయింది. అయిదోసారి చెబుతున్నప్పుడు ఆమె మనసు చిరిగిన తట్టకి అడుగు ఎలా అల్లాలా అన్న ఆలోచనలో ఉంది.

తర్వాత ఓ పుస్తకం అచ్చయి వచ్చింది. నిగనిగలాడే కాగితం మీద వదిన బొమ్మ. మడుల్లోకి నీళ్ళు తోడే పంపు డ్రైవరు కూతురు కాలేజీలో చదువుతోంది. షెడ్డులో అందరూ చుట్టూ మూగగా ఆ పిల్ల పైకి చదివింది: "సముద్రమట్టం పెరగడంతో కట్ట తెగిపోయింది..." చదవడం ఆపేసింది.

"వదినా, తెగ్గొట్టారని కదా నువ్వు చెప్పావు?"

"తెగ్గొట్టారనే చెప్పా."

"అయిదుసార్లూనా?"

"అయిదుసార్లూ."

జనమంతా ఫైలమ్మ వైపు చూశారు. ఆమె ముఖం ఎర్రబడింది. "నేను రాసి పంపింది వేరేనక్కా. పైన దిద్దారు" అంది. తర్వాత మాట మార్చి గోడకి ఓ పెద్ద కాగితం అంటించింది. నిధి ఎలా వాడాలో సముదాయమే చెప్పాలట. తీరంలో అలల్ని అడ్డుకునే మడ మొక్కలు, సోలారు దీపాలు, ఈత శిక్షణ, తుఫాను వస్తే ముందే హెచ్చరించే ఫోను. వీటిలో ఏవి కావాలో ఎంచుకోవాలి.

షెడ్డులో గోల మొదలైంది.

"ఈత నేర్పుతారంట! యాభై ఏళ్ళ నుంచి ఉప్పునీళ్ళలో నానుతున్నాం, ఊరగాయలమైపోయాం, ఇంకా ఈతేంటి?" అందొకామె. అందరూ నవ్వారు.

వదిన మొగుడు లేచాడు. లారీలకి బస్తాలెత్తే మనిషి, పోయిన పిల్లకి సొంత అన్న. "నవ్వులొద్దు. ఇచ్చేది తీసుకుందాం. దీపాలు తీసుకుందాం. వద్దంటే అదీ పోతుంది. మనకి ఎవరిచ్చారు ఇన్నాళ్ళూ?"

"దీపం పెట్టుకుని మునిగిపోదామా?" అన్నాడు కట్ట తాత. "అమ్మా, ఆ మొక్కలు నీళ్ళని ఆపేంత ఎదగాలంటే ఎన్నేళ్ళు?"

"ఎనిమిదీ పదేళ్ళు తాతా."

"మళ్ళీ తుఫాను ఎన్నేళ్ళకి?"

ఫైలమ్మకి బదులు వదిన మాట్లాడింది. అప్పటిదాకా ఏ మీటింగులోనూ నోరు విప్పని మనిషి.

"ఉప్పు ఎత్తులో ఉంది. మనం పల్లంలో ఉన్నాం. అది మారాలి. దిబ్బ మీద సగం మనకి ఇవ్వాలి. అంతే రాయండి."

గొంతులో వేడి లేదు, వణుకు లేదు. బిందె ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది. కానీ ఆ మాటకి షెడ్డంతా దిబ్బ వైపు తల తిప్పింది. పుట్టిందగ్గర్నుంచీ రోజూ చూస్తున్న దిబ్బే. దాని గురించి అలా ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు.

"అక్కా, దానికి మడుల యజమాని అభ్యంతరం లేదని రాసివ్వాలి" అంది ఫైలమ్మ నెమ్మదిగా. "గొడవ అన్న మాట కనపడితే పైన ఫైలు ఆగిపోతుంది. ముందు మొక్కలతో మొదలుపెడదాం. తర్వాత మెల్లగా..."

"అభ్యంతరం ఉన్నవాణ్ణే పట్టుకుని అభ్యంతరం లేదని రాయమంటే ఎలా రాస్తాడు?" అంది కాలేజీ పిల్ల. "సారథులం మేమన్నారు. బండి ఎటు తిప్పాలో మాత్రం ఆయన చెప్పాలా?"

ఆ పిల్లే కాగితం తీసుకుని రాసింది. కట్ట ఎవరు కొట్టారో, ఎవరు పోయారో, ఏం కావాలో. లైనులో ఉన్న పెద్దలందరూ వేలిముద్రలేశారు. వదిన మొగుడు చివరిదాకా కూర్చుని, అందరూ అయ్యాక వచ్చి వేశాడు. ఫైలమ్మ ఆ కాగితాన్ని ఒక్క అక్షరం మార్చకుండా పంపింది. ఆ మాట చెప్పుకోవాలి.

నెలకి జవాబొచ్చింది. "మీ ఆవేదనను గౌరవిస్తున్నాం. భూమి యాజమాన్యానికి సంబంధించిన అంశాలు మా నిధి పరిధిలోకి రావు." ఫైలమ్మ ఒక్కతే వచ్చింది, వ్యాను లేకుండా, బస్సులో.

"నా చేతుల్లో లేదక్కా. నన్ను వేరే చోటికి మార్చేశారు."

వదిన మంచినీళ్ళిచ్చింది. "నీ మీద కోపం లేదమ్మా. నాకు ఎవరి మీదా ఏమీ రావట్లేదు." ఆ పిల్ల గ్లాసు పట్టుకుని ఏడ్చింది. వదిన ఆమెనే చూస్తూ కూర్చుంది. ఏడుపంటే ఇలా ఉంటుంది కదా అనుకుంది.

నిధి మాత్రం ఆగలేదు. మేనేజరు తన మనుషులతో ఓ కమిటీ కట్టి, దానికి సముదాయమని పేరు పెట్టి, యజమాని చేత సంతకం చేయించి తెచ్చుకున్నాడు. మడ మొక్కలు లారీల్లో దిగాయి. ఎక్కడ నాటారు? దిబ్బ చుట్టూ. నాటిందెవరు? లైను ఆడవాళ్ళే, దినకూలీకి. వదిన నడుము లోతు బురదలో నిలబడి ఒక్కో మొక్కా గుచ్చింది. ఉప్పు రాశులకి కంచె కడుతున్నానని తెలుసు. తెలిసినా చేతులు ఆగలేదు.

మళ్ళీ గాలుల కాలం వచ్చింది. హెచ్చరిక ఫోను మేనేజరు దగ్గరుంది. ఓ సాయంత్రం అది మోగింది. ఆయన మొదట చేసిన పని, దిబ్బ మీదికి టార్పాలిన్లు మోయించమని మేస్త్రీకి చెప్పడం. పొద్దున్నే పాతికమంది ఆడవాళ్ళు రావాలని మేస్త్రీ లైనుకి కబురు తెచ్చాడు.

వెంటనే షెడ్డులో అందరూ కూడారు.

"తట్టా బుట్టా సర్దుకుని ఊళ్ళోకి పోదాం" అన్నాడొకడు.

"పోయినసారి దారి మునిగాకే కదా గండి కొట్టింది. ఎటు పోతావు?"

"యజమాని ఊరుకుంటాడా? పని పోతుంది. పోలీసులొస్తారు."

వదిన మొగుడు స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. "నేను దీపాలన్నాను" అన్నాడు. "దీపాలు చాలనుకున్నాను. అంత దగ్గర్లో దిబ్బ ఉండి, ఉప్పు పైన ఉండగా, మా చెల్లెలు కింద..." స్తంభం వదిలి ముందుకొచ్చాడు. తర్వాత అన్నాడు, "టార్పాలిన్లు మొయ్యమన్నారుగా. మోసుకెళ్దాం. మనమే కప్పుకుందాం."

కట్ట తాత నేల మీద వేలితో దిబ్బ బొమ్మ గీసి, ఏ వైపు బురద గట్టిగా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టాడు.

తెల్లవారేసరికి గాలి ముదిరింది. పాతికమందిని రమ్మంటే మూడువందలమంది వచ్చారు, చాపలతో, బియ్యంతో, పొయ్యిలతో. దిబ్బ ఎక్కే బాట జారుతోంది. తల్లులు పిల్లల చేతులు పట్టుకుని లాక్కొస్తున్నారు. వదిన బాట మధ్యలో నిలబడిపోయింది.

"చేతులు పట్టుకోకండి" అంది. ఎవరూ వినిపించుకోలేదు. ఈసారి అరిచింది. "చెయ్యి జారుతుంది! తాడు కట్టండి! నడుముకి నడుముకి తాడు కట్టండి!"

ఆ అరుపు దిబ్బ మీదికి, లైను ఇళ్ళ దాకా వినిపించింది. టార్పాలిన్ తాళ్ళు విప్పి జనమంతా నడుములకి కట్టుకున్నారు. తన నడుముకి ముడి బిగిస్తుంటే తాడు అరచేతిని ఒరుసుకుంది, ఆమెకి మంట తెలిసింది.

పైన రాశుల్ని పారలతో ఒక పక్కకి నెట్టి చోటు చేశారు. ఒక్క గింజ నీళ్ళపాలు చేయలేదు. మేనేజరు తిట్టి తిట్టి అలిసిపోయాక యజమానే కారులో వచ్చాడు, వెనకాలే జీపులో ఇన్‌స్పెక్టరు.

"ఉప్పు తడిస్తే రేపు మీకు కూలీ ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని అరిచాడు యజమాని కింద నుంచే.

"ఉప్పు కరిగితే మళ్ళీ పండుతుంది బాబూ" అన్నాడు కట్ట తాత. "పండించేవాళ్ళం ఉండాలి కదా."

"దిగండి!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"దిగం" అంది వదిన. ఆ మాట తాడు వెంట పోయినట్టు దిబ్బంతా పాకింది. దిగం. దిగం. ముసలీ ముతకా, చంటిపిల్లల తల్లులు, పంపు డ్రైవరు, ఆఖరికి టార్పాలిన్లు మోయించడానికొచ్చిన మేస్త్రీ కూడా. ఇన్‌స్పెక్టరు ఆకాశం వంక చూసి జీపెక్కాడు.

మధ్యాహ్నానికి పాత గండి మళ్ళీ తెగి, లైను ఇళ్ళు కప్పుల దాకా మునిగాయి. దిబ్బ మీద గాలి చెవులు కోసేసింది, రెండు టార్పాలిన్లు ఎగిరిపోయాయి, వాన సూదుల్లా గుచ్చింది. ఉప్పు కొంత కరిగి తెల్లటి ధారలుగా కిందికి జారింది. మనుషులు జారలేదు. ఈసారి ఒక్కరూ పోలేదు.

నీళ్ళు దిగిన రోజునే పోలీసులొచ్చారు. ఆక్రమణ, ఆస్తి ధ్వంసం. పదకొండుమందిని పట్టుకుపోయారు. కట్ట తాతని ఎత్తి వ్యానులో పడేశారు. వదిన తనే ఎక్కింది. మిగతావాళ్ళు దిబ్బ దిగలేదు. వ్యాను కదులుతుంటే పైన వదిన మొగుడు కొత్త గుడిసెకి గుంజ పాతుతున్నాడు, కాలేజీ పిల్ల పట్టుకుంది.

స్టేషనులో ఆడవాళ్ళకి వేరే గది లేదు. వదినను విరిగిన కుర్చీలు పడేసిన కొట్లో పెట్టారు. మధ్యాహ్నం కిటికీ దగ్గర అలికిడైంది. మోకాళ్ళ దాకా ఎండిన బురదతో ఏడెనిమిదిమంది ఆడవాళ్ళు. కిందివైపు మడుల్లో పనిచేసేవాళ్ళు. ఈ తుఫానులోనే వాళ్ళ లైనులో నలుగురు పోయారట.

"వదినంటే నువ్వేనా?" అంది ముందున్నామె. "మా మడుల దగ్గర కూడా దిబ్బ ఉంది. మీరు ఎలా ఎక్కారు?"

వదిన కిటికీ ఊచలు పట్టుకుంది. చల్లగా తగిలాయి. చెప్పింది. వెలుతురుండగా ఎక్కమంది. ఒకళ్ళిద్దరు కాదు, అందరూ ఒకేసారి ఎక్కమంది. ముసలివాళ్ళని మధ్యలో ఉంచమంది. తాళ్ళు చాలినన్ని తీసుకెళ్ళమంది. ఉప్పుని ఏమీ చేయొద్దంది, పక్కకి జరిపితే చాలంది. పోయినవాళ్ళు ఎవరని అడిగింది. వాళ్ళు నలుగురి పేర్లూ చెప్పారు. ఒక్కో పేరూ ఆమె తిరిగి పలికింది. మూడో పేరు రెండుసార్లు పలికింది. నాలుగోది కూడా పలికింది.

"ఏయ్, ఎవరక్కడ?" అని కానిస్టేబులు కేకేశాడు.

ముందున్నామె గొంతు తగ్గించింది. "అయితే రేపు ఎక్కుతాం."

"రేపటిదాకా దేనికి?" అంది వదిన. "ఇంకా పొద్దుంది కదా."