సన్యాల్ మాస్టారి ట్రెడ్‌మిల్ పరీక్ష

మా జాదవ్‌పూర్ క్లినిక్‌లో గుండె జబ్బువాళ్లను ట్రెడ్‌మిల్ ఎక్కించి నడిపించడం నా ఉద్యోగం. పదిహేనేళ్లుగా నడిపిస్తున్నాను. వచ్చేవాళ్లలో సగంమంది దీన్ని వైద్యం అనుకోరు, బోర్డు పరీక్ష అనుకుంటారు. అందరిలోకీ ఘనుడు బిభాస్ సన్యాల్ మాస్టారు.

ఆయన ముప్పైయేళ్లు భూగోళం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. దసరా పూజా సెలవుల్లో పాత విద్యార్థులతో కలిసి సందక్‌ఫూ కొండ ఎక్కాలని ఆశ. ట్రెడ్‌మిల్ మీద తొమ్మిది నిమిషాలు నొప్పి లేకుండా నడిస్తే తప్ప ఊరు కదలనివ్వనని డాక్టరు తేల్చేశారు.

మొదటిసారి నాలుగో నిమిషానికే తెరమీద ఈసీజీ గీత కిందికి జారింది, ఆయన చెయ్యి ఛాతీ మీదికి వెళ్లింది. వెంటనే ఆపేశాను.

"మాస్టారూ, సిగరెట్ కాల్చి వచ్చారా?"

"రెండే తల్లీ. పరీక్షకు ముందు కంగారు తగ్గాలి కదా."

"ముట్టుకోవద్దని చీటీలో రాసిచ్చాం."

"ప్రశ్నపత్రం మీది సూచనలు చదవరేంరా అని జీవితమంతా పిల్లల్ని తిట్టాను. నేనూ చదవలేదు చూడు."

డాక్టరు మందులు రాసి ఆరు వారాలు గడువిచ్చారు. మాస్టారికి పంతం వచ్చింది. సిగరెట్ మానేశారు. రోజూ పొద్దున్నే ఇంటి దగ్గరి సరోవరం చుట్టూ నడిచారు. పరీక్ష మూడో దశలో ట్రెడ్‌మిల్ వాలు ఎంత ఉంటుంది, వేగం ఎంత ఉంటుంది అని నాకు రెండుసార్లు ఫోన్ చేశారు. ఆయన భార్య కావేరి గారు ఫోన్ లాక్కుని, "పెళ్లయిన కొత్తలో నాతో నడవమంటే నడవలేదమ్మా, ఇప్పుడు మార్కులకోసం పరిగెడుతున్నారు" అని వాపోయారు.

రెండోసారి తొమ్మిదిన్నర నిమిషాలు నడిచారు. నొప్పి లేదు, గీత జారలేదు. డాక్టరు సంతకం పెడుతూ, "గుండె నాళాల్లో అడ్డాలు ఎక్కడివక్కడే ఉన్నాయి మాస్టారూ. నడక వల్ల గుండె అదే పని తక్కువ శ్రమతో చేస్తోంది. పొగ లేక నాళాలు బిగుసుకోవడం లేదు. నడక మానినా, పొగ మొదలుపెట్టినా మళ్లీ మొదటికే" అన్నారు. మాస్టారి చూపు మాత్రం సంతకం మీదే ఉంది.

మధ్యాహ్నం టీకి కిందికి దిగితే, గేటు పక్క కొట్టు దగ్గర ఆయనే కనిపించారు. చంకలో రిపోర్టు, నోట్లో సిగరెట్.

"ఇదేంటి మాస్టారూ?"

"పరీక్ష అయిపోయిందిగా. పాసయ్యాక పుస్తకం తెరిచేవాడెవడమ్మా?"

నాకు ఒళ్లు మండింది. ఈ ఆరు వారాలూ ఆయనకంటే నేనే ఎక్కువ ఆశపడ్డాను.

"ఇది స్కూల్లో పెట్టే టెస్టు లాంటిది. అసలు పరీక్ష ముందుంది."

ఆయన నవ్వారు. "తేదీ ఎప్పుడో?"

"ముందుగా చెప్పరు. మా నాన్నకూ చెప్పలేదు. ఆయన్ని నేనే నడిపించాను, పది నిమిషాలు. పాసయ్యానని ఇలాగే వెలిగించారు. పదకొండు వారాలకు పోయారు."

మాస్టారు మట్టి కప్పులో మిగిలిన టీలో సిగరెట్ ముంచారు.

"మరి సిలబస్?" అన్నారు.

"ఈ ఆరు వారాలూ చదివిందే మాస్టారూ."