పెన్న ఇసుకలో నిండిన మరచెంబు

నేను ఒక మరచెంబును. ప్రయాణాల్లో నీళ్ళు పట్టుకెళ్ళడానికి, తిప్పి బిగించే మూత ఉన్న ఇత్తడి చెంబు అన్నమాట. ఇప్పటి పిల్లలు నన్ను చూసి "ఇదేంటి, గంటా?" అంటారు. అననివ్వండి. వాళ్ళ సీసాలు ఏడాది తిరక్కుండా పగులుతాయి. నాకు అరవై ఏళ్ళు దాటాయి.

తణుకు దగ్గర అజ్జరంలో పుట్టాను. కరిగిన ఇత్తడిని అచ్చులో పోసి, చల్లారాక ఒళ్ళంతా సానబట్టి మెరిపించాడు నన్ను చేసిన కంచరి. అమ్మేముందు ఒకసారి నాలో నీళ్ళు పోసుకుని తాగి, "బాగుందే!" అన్నాడు. ఆ మాట విన్నాక వినయం నేర్చుకోవడం నాకు చేతకాలేదు.

నన్ను కొన్నది సూరమ్మ. పక్క ఊళ్ళో పెళ్ళికి వెళ్ళినా సరే, నాలో ఇంటి నీళ్ళు పోసుకుని వెళ్ళేది. నీళ్ళు మారితే జబ్బు చేస్తుందని ఆవిడ నమ్మకం. గోదారి ఒడ్డున పుట్టినవాళ్ళకి మిగతా నీళ్ళంటే కాస్త చిన్నచూపు లెండి. ఆ చిన్నచూపూ, నేనూ కలిసే ఆవిడ మనవరాలు సత్యవేణికి సారెలో వెళ్ళాం.

సత్యవేణికి పాతికేళ్ళు కూడా లేవు. ఎనిమిదిలో బడి మానిపించారు. భర్త వీర్రాజు బస్సు డిపోలో మెకానిక్. అయిదేళ్ళ కూతురు లాస్య. వీర్రాజుకి హిందూపురం బదిలీ అయింది. ఆ ఊళ్ళో సామాను దించిన రోజే సత్యవేణి తేల్చి చెప్పేసింది.

"చూడండి, ఎండలు ముదిరేలోగా నాకిక్కడ కుదురుగా అనిపించకపోతే పిల్లని తీసుకుని మా అమ్మ దగ్గరికి ఎల్లిపోతాను. మీరు నెలకోసారి వచ్చి చూసుకెళ్ళండి."

వీర్రాజు సరేనన్నాడు కానీ, పిల్ల లేని ఇల్లు తలుచుకుంటే అతనికి ముద్ద దిగలేదు. అందుకే ప్రతి ఆదివారం ఇద్దరినీ బస్సెక్కించి, కొత్త సీమ చూపించడం మొదలుపెట్టాడు. ఇంజను విప్పి చూస్తే మొండి బండైనా లొంగుతుందని అతని లెక్క. ఊళ్ళు తిప్పితే భార్య కూడా లొంగుతుందనుకున్నాడు.

లేపాక్షిలో నేలకి ఆనని స్తంభం కింద తువ్వాలు దూర్చి చూపించాడు. "బాగానే ఉంది కానీ ఇవతలికి రండి, పడుద్ది" అంది సత్యవేణి. పెనుకొండ కొండెక్కితే ఆవిడ కోట చూడలేదు, పిల్ల నుదురు చూసింది, పది మెట్లకోసారి చెయ్యి వేసి. బోర్డు కనిపిస్తే మాత్రం ఆగి, వేలు పెట్టి, పైకి చదివి లాస్యకి చెప్పేది. బయట చుక్క నీళ్ళు ముట్టనిచ్చేది కాదు. ఇంట్లో కాచి చల్లార్చి నాలో పోసినవే. ఎదురింటివాళ్ళు ప్రేమగా మజ్జిగ ఇచ్చినా "వద్దండి" అనేసేది. వాళ్ళు మొహం చిన్నబుచ్చుకునేవారు. నేను మాత్రం ఆవిడ భుజాన రాణిలా ఊరేగేదాన్ని. దేశం చూడ్డానికి వెళ్ళి మనుషులు ఎక్కువగా చూసేది తమ చెంబునే.

ఫాల్గుణం వచ్చింది. ఒక ఆదివారం వీర్రాజు, "ఇవాళ పెన్నానది చూద్దాం" అన్నాడు. నది అనగానే సత్యవేణి మొహం విచ్చుకుంది. సబ్బు పెట్టింది, తువ్వాళ్ళు పెట్టింది, పిల్లకి స్నానమయ్యాక వేయడానికి గౌను పెట్టింది. ప్రతివారం నాకు తోడుగా వచ్చే పెద్ద క్యాను ఇంట్లోనే వదిలేసింది.

"ఏటికెళ్తూ క్యాను మోసుకెళ్తే నవ్వుతారండి!"

బస్సు దిగి, గట్టెక్కి చూశారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇసుక. మధ్యలో గొర్రెలు.

"ఏరేదండీ?" అంది సత్యవేణి.

"ఇదేనే" అన్నాడు వీర్రాజు, తప్పు తనదే అన్నట్టు.

లాస్యకి మాత్రం అంత ఇసుక ఎప్పుడూ దొరకలేదు. ఎండలో గెంతులేసి గంటలో నన్ను ఖాళీ చేసేసింది. తిరుగు బస్సు మూడింటికి. పిల్ల తుమ్మచెట్టు కింద కూలబడి "అమ్మా, నీళ్ళు" అని మొదలుపెట్టింది. వీర్రాజు కొట్టు వెతకడానికి రోడ్డు మీదికి పరుగెత్తాడు. పిల్ల పెదాలు ఎండిపోతున్నాయి. నా అరవై ఏళ్ళలో నేను సిగ్గుపడిన రోజు అదొక్కటే.

గొర్రెలు మేపే ముసలామె అంజినక్క చూసి వచ్చింది. "ఏమ్మా, పాప అట్ల వాడిపోయిందే?"

"నీళ్ళు అయిపోయాయి మామ్మగారూ. ఏట్లో నీళ్ళే లేవు కదా."

"గారంట, గారు!" అని నవ్వింది అంజినక్క. "లేవని ఎవురు చెప్పిరి నీకు? పెన్నమ్మ పండుకోనుంది. లేపితే లేస్తాది."

అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులా ఇసుక తోడింది. మోచేతి లోతు వెళ్ళాక ఇసుక నల్లబడింది. ఇంకాస్త తోడితే అడుగున తడి మెరిసింది. ఊరిన మురికి నీళ్ళు రెండుసార్లు చేత్తో ఎత్తిపోసింది. మూడోసారి ఊరినవి అద్దంలా ఉన్నాయి. చెలమ అంటారట దాన్ని. కాలవల్లో నిండుగా పారే నీళ్ళు తప్ప ఎరగని నేను నోరు తెరుచుకుని చూశాను. అప్పటికే మూత తీసి ఉంది లెండి.

సత్యవేణి కొంగు మడతపెట్టి నాలోకి వడగట్టింది. పిల్లకి ఇవ్వలేదు. ముందు తను తాగింది. తాగి, కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"ఏం చేస్తాండావు?" అంది అంజినక్క.

"నాకేమన్నా అవుతుందేమో చూస్తున్నానండి."

"నువ్వు సచ్చేదాకా చూస్తాంటే పాప ఎండకే పోతాది! నా నలుగురు బిడ్లూ ఈ నీళ్ళు తాగే పెరిగిరి. తాపు పాపకి!"

సత్యవేణి ఒక్కసారి కళ్ళు మూసుకుంది. నన్ను పిల్ల నోటికి ఆనించింది.

లాస్య గటగటా తాగింది. మూతి తుడుచుకుని, "అమ్మా, తియ్యగున్నాయి. ఇంకా కావాలి" అంది.

కొట్టు దొరక్క చెమటలు కక్కుతూ తిరిగొచ్చిన వీర్రాజుకి కనిపించింది ఇదీ: భార్య, కూతురు ఇసుకలో బోర్లా పడి ఇంకో చెలమ తవ్వుతున్నారు. అంజినక్క గట్టున కూర్చుని, "ఆ పక్క కాదు, ఈ పక్క తోడు! చదువుకున్న పిల్లవి, అంత కూడా తెలీదా?" అని అదిలిస్తోంది. తనని చదువుకున్న పిల్ల అన్నందుకు సత్యవేణి మురిసిపోయి మరింత తవ్వింది.

మూడింటి బస్సులో వీర్రాజు మెల్లగా కదిపాడు. "ఎండలు ముదిరాయి సత్యా. మరి మీ అమ్మగారింటికి టికెట్లు..."

సత్యవేణి కిటికీలోంచి ఏటివైపే చూస్తోంది. "అదలా ఉంచండి గానీ, వచ్చే ఆదివారం ఎటు?"

వీర్రాజు లాస్య జడ సర్దుతూ కూర్చున్నాడు, అదేదో వదులైన నట్టు అన్నట్టు.

నిండుకుండ తొణకదంటారు. అన్నవాడెవడో ఆ బస్సెక్కి ఉండడు. మెడదాకా పెన్న నీళ్ళతో, బిగించడం మరిచిన మూతతో ఆవిడ ఒళ్ళో కూర్చుని, గతుకు గతుక్కీ నేను తొణికాను. చీర తడిసింది. ఆవిడ తుడుచుకోలేదు.