నాలుగు యూరోలు వస్తేనే

శుక్రవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు తమ్ముడు కొన్న బ్యాంకు షేరు మూడు యూరోల తొంభై ఏడు సెంట్లు పలికింది. నాలుగు యూరోలు వస్తేనే అమ్మమని అతను ముందు రోజే ఆర్డరు పెట్టి ఉంచాడు. షేర్లు అమ్ముడుపోలేదు.

అతనిది కట్టుడు పళ్లు తయారుచేసే పని. బల్ల మీద స్పిరిట్ దీపం, మైనం, చాకు, వాటి పక్కన ఫోను. షేర్లు అతని పేరున ఉన్నాయి. డబ్బు అక్కది. పద్నాలుగేళ్లు లాండ్రీలో ఇస్త్రీ చేసి కూడబెట్టుకుంది. ఏడాదిన్నర కిందట ఇక్కడ ఐరోపాలో దేశాలు అప్పుల్లో మునిగి, బ్యాంకుల షేర్లు సగానికి పడ్డాయి. "ఏ దేశమైనా తన బ్యాంకుని మునగనిస్తుందా అక్కా? ఇంత చవగ్గా మళ్లీ దొరకవు" అని ఆమెను ఒప్పించి ఈ బ్యాంకు షేర్లు ఒక్కోటి నాలుగు యూరోలకు కొన్నాడు. తర్వాత అవి ఒకటిన్నరకు దిగాయి. అక్క అడిగినప్పుడల్లా "పైసా తగ్గదు" అన్నాడు తప్ప ఆ సంగతి చెప్పలేదు. ఈ నెలలో ఐరోపా ప్రభుత్వాలు సాయం ప్రకటించడంతో రేటు లేచింది.

లాండ్రీ యజమాని దుకాణం వదిలేస్తున్నాడు. వచ్చే గురువారంలోగా డబ్బు కడితే దుకాణం అక్కకే ఇస్తానన్నాడు. శుక్రవారం అమ్మితే బుధవారానికి డబ్బు చేతికొస్తుంది.

పన్నెండున్నరకు అక్క వచ్చింది.

"అమ్మేశావురా?"

"అమ్మకానికి పెట్టానక్కా, నాలుక్కి."

"ఇప్పుడెంతుంది?"

"మూడు తొంభై ఎనిమిది. ఇంకెంత, రెండు సెంట్లు."

"ఆ రెండూ నేను వదిలేశాను. అమ్మెయ్."

"కొన్న రేటన్నా రాకపోతే ఎలాగక్కా?"

"నిన్ను లాభం అడిగానా? గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేకు."

పక్క బల్ల దగ్గర అచ్చులు పోసే పెద్దాయన తలెత్తకుండానే అన్నాడు: "నీ తమ్ముడు పళ్లు కట్టడమే నేర్చాడు చెల్లెమ్మా, పీకడం నేర్వలేదు. ఊగే పన్నుక్కూడా ముహూర్తం చూస్తాడు."

అక్క నవ్వింది. సాయంత్రంలోగా అమ్మేసి ఫోన్ చెయ్యమని చెప్పి వెళ్లింది.

అతను ఆర్డరు తెరిచాడు. నాలుగు చెరిపి మూడు తొంభై ఎనిమిది కొట్టాడు. పైసా తగ్గదన్నది తనే. మళ్లీ నాలుగు చేశాడు. చాకు దీపం మీద వేడిచేసి, కింది దవడ మైనం చెక్కుతూ కూర్చున్నాడు. మూడింటికి రేటు మూడు తొంభై తొమ్మిది. బజారు మూసేసరికి మూడు తొంభై.

"సోమవారం అమ్మేస్తానక్కా" అన్నాడు ఫోన్లో.

"అమ్మడం నీ చేతిలో ఉంది. గురువారం మాత్రం నా చేతిలో లేదురా."

ఆదివారం మధ్యాహ్నం ఆ బ్యాంకున్న దేశపు ఆర్థికమంత్రి టీవీలో మాట్లాడాడు. బ్యాంకు మొండి బకాయిలు చెప్పినదానికంటే చాలా ఎక్కువని, ప్రభుత్వమే డబ్బు పోసి బ్యాంకును చేతిలోకి తీసుకుంటుందని చెప్పాడు. సోమ, మంగళవారాలు షేరు క్రయవిక్రయాలు ఆపేశారు. బుధవారం అరవై రెండు సెంట్ల దగ్గర తెరిచారు. తమ్ముడు ఈసారి రేటు రాయలేదు. వచ్చిన రేటుకు అమ్మమన్నాడు. అరవై ఒకటికి పోయాయి.

సాయంత్రం లాండ్రీకి వెళ్లాడు. అక్క చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

"ఎంతకు పోయాయి?"

"అరవై ఒకటి."

"అంటే?"

"సెంట్లు."

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "శుక్రవారం నేనొచ్చి వెళ్లాక రేటు పెరిగిందా?"

"మూడు తొంభై తొమ్మిది దాకా."

"నువ్వు చూస్తూనే ఉన్నావా?"

"చూస్తూనే ఉన్నా."

ఆమె చొక్కా మడిచి పక్కన పెట్టి ఇంకొకటి పరిచింది. "నువ్విక్కడ నిలబడితే ముడతలు పోవురా. వెళ్లు."

గురువారం పదకొండు గంటలకు యజమాని దుకాణాన్ని పక్కవీధి మందుల షాపాయనకు రాసిచ్చాడు. సోమవారం నుంచి ఏడున్నరకే పనిలోకి రావాలని కొత్త యజమాని అక్కకు చెప్పాడు. ఆమె సరేనంది.